‘అన్నీ’ అన్న మాటకు లెక్క అడిగిన ఆచార్యుడు

మన యూనియన్ సంచికకు ఎవరైనా మహనీయుడి జీవితం రాసివ్వమని మిత్రులు అడిగినప్పుడు నేను దిఙ్నాగాచార్యుడి పేరు చెప్పాను. గాంధీగారినీ, వివేకానందుణ్ణీ, వీరేశలింగంగారినీ వదిలిపెట్టి, పలకడానికే నోరు తిరగని ఈ పేరు ఎక్కడ పట్టుకొచ్చావని ఒకరిద్దరు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, తర్కశాస్త్రం క్లాసులో మనల్ని ముప్పుతిప్పలు పెట్టే ‘అన్నీ, కొన్ని, ఏదీ లేదు’ అనే మూడు మాటలకు సుమారు పదిహేను వందల యేళ్ళ క్రితమే లెక్క కట్టిన మనిషి ఆయన. అందులోనూ, ఆ శాస్త్రం మీద గ్రంథం రాసింది మన ఆంధ్రదేశంలో, వేంగి దగ్గర ఒక కొండమీద కూర్చునే అని చైనా యాత్రికుడు రాసిపెట్టిపోయాడు. అంటే ఎంతో కొంత మనకు చుట్టమే.

ఆయన కథలోకి వెళ్ళే ముందు మా వూరి సంగతి ఒకటి చెప్పనివ్వండి. మాది వాడరేవు. చీరాల నుంచి తూర్పుకు వచ్చే రోడ్డు ఎక్కడ ఇసకలో కలిసిపోతుందో అదే మా వూరు. నా చిన్నతనంలో ఒక గాలివాన రాత్రి తెల్లవారేసరికి వూరంతా ఒడ్డున నిలబడి వుంది. వేటకు పోయిన పడవల్లో మా నాన్న ఎక్కిన పడవ కూడా వుంది. అవతల చివరినుంచి రొప్పుకుంటూ వచ్చిన కుర్రాడొకడు, పడవలన్నీ రాలేదని చెప్పాడు. అంతే, మా అమ్మ ఇసకలో కూలబడిపోయింది. పక్కనే వున్న మా పెద్దమ్మ మాత్రం, అయితే కొన్ని వచ్చాయన్నమాటేగదరా, ఏవేవి వచ్చాయో చెప్పు అని వాడి చెయ్యి పట్టుకుంది. మాట ఒక్కటే. ఒకరికి ‘ఒక్కటీ రాలేదు’ అని వినపడింది, ఇంకొకరికి ‘వచ్చినవి వచ్చాయి, అన్నీ మాత్రం రాలేదు’ అని వినపడింది. తెలుగులో ఆ వాక్యానికి రెండర్థాలూ వున్నాయి మరి. కుర్రాడిదీ తప్పు కాదు, మా అమ్మదీ తప్పు కాదు.

కొన్నేళ్ళ తర్వాత కాలేజీలో లెక్చరర్‌గారు బోర్డుమీద సరిగ్గా ఇలాంటి వాక్యమే రాశారు. ‘తిరిగి వచ్చింది’ అనేది విధేయం, అంటే ప్రిడికేట్. అది ఒక ఖాళీ వున్న మాట. ఆ ఖాళీలో ఏదో ఒక పడవ పేరు పెడితే నిజమో అబద్ధమో తేలుతుంది. పేరు పెట్టకుండా దానిముందు ‘ప్రతి పడవా’ అనో, ‘కనీసం ఒక పడవ’ అనో తగిలించినా తేలుతుంది. అలా తగిలించే మాటల్ని పరిమాపకాలు, క్వాంటిఫయర్లు అన్నారు. ‘కాదు’ అనే మాటను పరిమాపకానికి బయట పెడితే ఒక అర్థం, లోపల పెడితే ఇంకో అర్థం. ప్రతి పడవా వచ్చిందనడం నిజం కాదు అనేది ఒకటి. ప్రతి పడవ విషయంలోనూ రాలేదనడమే నిజం అనేది రెండోది. నాకు ఇసకలో కూర్చున్న మా అమ్మ కనపడింది. ఆ గంటలోనే ఆయన ప్రసక్తివశాత్తూ దిఙ్నాగుడి తొమ్మిది గళ్ళ చక్రం కూడా వేసి చూపించారు. అప్పట్నుంచీ ఆ మనిషి నన్ను వదల్లేదు.

దిఙ్నాగుడు క్రీస్తుశకం అయిదో శతాబ్దం చివర, కాంచీపురం దగ్గర సింహవక్త్రం అనే వూళ్ళో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడని టిబెట్ చరిత్రకారులు చెప్పారు. సుమారు 480 నుంచి 540 వరకు ఆయన కాలంగా పండితులు లెక్కవేస్తారు. వేదశాస్త్రాలు చదివి, ఆ తర్వాత నాగదత్తుడనే గురువు దగ్గర బౌద్ధదీక్ష తీసుకున్నాడు. ఆ గురువుగారిది వాత్సీపుత్రీయ సంప్రదాయం. మామూలుగా బౌద్ధులు ఆత్మ లేదంటారు కదా, వీళ్ళు మాత్రం పుద్గలం అనే ఒక వ్యక్తితత్వం వుందనీ, అది దేహమూ మనసూ మొదలైన స్కంధాలకు వేరూ కాదు, అవే కూడా కాదు, మాటల్లో చెప్పడానికి వీలుకాదనీ అనేవారు. దాన్ని ధ్యానించి కనుక్కోమని శిష్యుడికి చెప్పారు.

శిష్యుడు ఏం చేశాడో వినండి. పగలు గది కిటికీలన్నీ తెరిచాడు. రాత్రి నలుమూలలా దీపాలు పెట్టాడు. వంటిమీది బట్టలు విప్పేసి, కళ్ళు బాగా తెరిచి, లోపలా బయటా వెతకడం మొదలుపెట్టాడు. తోటి శిష్యులు చూసి గురువుగారితో చెప్పారు. ఇదేమిటని గురువు అడిగితే, మీరు వుందన్నది ఎంత వెతికినా కనపడటం లేదు, చీకటో, తలుపులో, బట్టలో అడ్డం వున్నాయేమోనని వాటిని తీసేసి చూస్తున్నానని జవాబిచ్చాడట. ఎగతాళి చేస్తున్నాడని గురువుకి కోపం వచ్చింది. శిష్యుడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

కథే కావచ్చు. కానీ అందులో మన పాఠం పూర్తిగా వుంది. ‘ఒకటి వుంది’ అన్నవాడు ఆ ఒక్కదాన్నీ చూపిస్తే చాలు, వాడి పని అయిపోయింది. ‘ఏదీ లేదు’ అనేవాడికి అంత సులువు కాదు. వాడు ప్రతి మూలా వెతకాలి. కిటికీలు తెరవాలి, దీపాలు పెట్టాలి. ఎదుటివాణ్ణి నోరు మూయించడం వేరు, అన్ని మూలలూ చూసి లేదనడం వేరు. దిఙ్నాగుడు కుర్రతనంలోనే రెండోదారి పట్టాడు.

అక్కణ్ణించి ఉత్తరాదికి వెళ్ళి వసుబంధువు దగ్గర చేరాడని సంప్రదాయం. వసుబంధువు గాంధారదేశం వాడు, మహాపండితుడు, వాదశాస్త్రం మీద గ్రంథాలు రాసినవాడు. మహాయానమూ తర్కమూ ఆయన దగ్గర నేర్చుకుని, దిఙ్నాగుడు వూళ్ళు తిరగడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో పండితుడికి తిరుగుడే వుద్యోగం. నలందాలో వాదం గెలిచి తర్కపుంగవుడనే బిరుదు పొందాడు. ఓడ్రదేశంలో వున్నాడు. మన వేంగికి వచ్చాడు.

వేంగి అంటే ఈనాటి ఏలూరు దగ్గరి పెదవేగి. అప్పటికి కృష్ణా గోదావరుల మధ్య విష్ణుకుండినుల కాలం. ఇటు అమరావతి, భట్టిప్రోలు, అటు గుంటుపల్లి, మా వైపున చినగంజాం – ఈ తీరమంతా బౌద్ధం శతాబ్దాల తరబడి వేళ్ళూనిన నేల. దిఙ్నాగుడి తర్వాత నూరేళ్ళకు, సుమారు 639 ప్రాంతంలో, హ్యూయన్‌త్సాంగ్ ఈ దారినే వచ్చాడు. ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి భిక్షువుల దగ్గర చదువుకున్నాడు కూడా. ఆయన ఆంధ్రదేశం గురించి రాస్తూ, రాజధాని వైపున ఒక ఒంటికొండ వుందనీ, దానిమీద రాతిస్తూపం వుందనీ, దిఙ్నాగ బోధిసత్వుడు హేతువిద్యమీద శాస్త్రం రాసింది అక్కడేననీ రాశాడు.

ఆయన విన్న కథ ఇది. దిఙ్నాగుడు ఆ కొండమీద సమాధిలో కూర్చుంటే కొండ చుట్టూ పొగలాంటి మేఘమూ వెలుగూ కనపడ్డాయి. దేశపురాజు అది చూసి, ఈయన ముక్తికి దగ్గరపడ్డాడనుకుని, వెంటనే అర్హతుడై తరించమని వేడుకున్నాడు. దిఙ్నాగుడూ సరే అనుకున్నాడట. అప్పుడు మంజుశ్రీ బోధిసత్వుడు వచ్చి, పదిమందికీ దారి చూపే పని విడిచిపెట్టి నీ ఒక్కడి సంగతీ చూసుకుంటావా అన్న అర్థంలో మందలించాడు. దాంతో ఆయన మనసు మార్చుకుని గ్రంథం వైపే మళ్ళాడు. ‘నేను ఒక్కణ్ణి’ దగ్గర ఆగిపోకుండా ‘ప్రతివాడికీ’ దాకా పోవడమన్నమాట. పరిమాపకం మార్చుకున్నాడని మా హాస్టల్ మిత్రుడొకడు జోకు వేశాడు. అంత తీసిపారేయాల్సిన జోకు కాదు.

ఇంతకీ ఆ తర్కంలో ఆయన చేసిన కొత్త పని ఏమిటి? అంతకుముందు మనదేశంలో తర్కం లేదని కాదు. గౌతముడి న్యాయసూత్రాలున్నాయి, అయిదు అవయవాల అనుమానం వుంది. కొండమీద నిప్పుంది, పొగ వుంది కాబట్టి, వంటింట్లోలాగా – ఇది అందరికీ తెలిసిందే. అయితే చాలామంది వాదాలు ‘వంటింట్లోలాగా’ అన్నచోటే ఆగిపోయేవి. ఒక పోలిక దొరికితే చాలు, గెలిచినట్టే. దిఙ్నాగుడు అక్కడ చెయ్యి అడ్డంపెట్టాడు. నీ పోలిక ఒకటి, రెండు, పది వుండొచ్చు. అవతలివైపు చూశావా? నిప్పు లేని చోట్లకు వెళ్ళి, అక్కడ ఎక్కడైనా పొగ వుందేమో వెతికావా? ఇదీ ఆయన ప్రశ్న.

దీన్ని ఆయన పట్టిక వేశాడు. దానిపేరు హేతుచక్రం. ఆయన వుదాహరణలు ఎక్కువగా శబ్దం నిత్యమా అనిత్యమా అన్నదానిమీద వుంటాయి. అవి మనకు కాస్త దూరం. మా రేవులోకి మార్చి చెబుతాను.

ఒడ్డున ఒక పడవ వుంది. రాత్రి వేటకు వెళ్ళొచ్చిందా లేదా అన్నది ప్రశ్న. వెళ్ళిందని నా వాదం. ఎందుకంటే వల తడిగా వుంది. ఇప్పుడు ఈ ఒక్క పడవనూ పక్కనబెట్టి మిగతావాటిని రెండు వరసలు చెయ్యండి. రాత్రి వేటకు వెళ్ళాయని మనకు ఖాయంగా తెలిసినవి ఒక వరస, ఇవి సపక్షం. వెళ్ళలేదని ఖాయంగా తెలిసినవి ఇంకో వరస, ఇవి విపక్షం. మొదటి వరసలో వల తడిగా వున్నవి అన్నీనా, కొన్నా, ఒక్కటీ లేదా? రెండో వరసలోనూ అదే ప్రశ్న. మూడు మూళ్ళు తొమ్మిది. ఇంతకు మించి పదో సందర్భం వుండటానికి వీల్లేదు. లోకంలో ఎవరు ఏ కారణం చూపించి ఏమి వాదించినా ఈ తొమ్మిదిట్లో ఒక గడిలో పడాల్సిందే.

రాత్రి వాన కురిసిందనుకోండి. వెళ్ళినవాటి వలలన్నీ తడే, వెళ్ళనివాటి వలలన్నీ తడే. ఇది మొదటి గడి. తడి నిజమే, దానివల్ల ఏమీ తేలలేదు. వాన లేదు గానీ, ఇంటి దగ్గరే వున్నవాళ్ళలో కొందరు వల కడిగి పెట్టారనుకోండి. అటూ కొన్ని, ఇటూ కొన్ని. ఇది తొమ్మిదో గడి. అప్పుడూ తేలదు. వల మడతపెట్టి మూలన పడేసి వుంది కాబట్టి వేటకు వెళ్ళిందని ఎవడైనా అంటే? వెళ్ళినవాటిలో ఒక్కటీ అలా లేదు, వెళ్ళనివన్నీ అలాగే వున్నాయి. ఇది నాలుగో గడి. తేలకపోవడం కాదు, వాడి కారణం వాడికే ఎదురుతిరిగింది. ఆరోదీ అంతే.

నిలబడేవి రెండే, రెండోదీ ఎనిమిదోదీ. రెండోదానిలో వెళ్ళిన పడవలన్నిటి వలలూ తడి, వెళ్ళనివాటిలో ఒక్కటీ తడి లేదు. ఎనిమిదోదానిలో వెళ్ళినవాటిలో కొన్నే తడి, వెళ్ళనివాటిలో ఒక్కటీ లేదు. ఈ ఎనిమిదోది చూడగానే నాకు ఆశ్చర్యం వేసింది. కొన్నిటికే కదా వుంది, అదెలా చెల్లుతుంది? ఎందుకు చెల్లదు! ముందే ఒడ్డుకొచ్చిన పడవల వలలు ఎండకు ఆరిపోయి వుంటాయి. ఆరితే ఆరనీయండి. నేను చెబుతున్నది తడి వున్నవన్నీ వెళ్ళాయని, వెళ్ళినవన్నీ తడిగా వున్నాయని కాదు. మన కొండమీది పొగ కూడా ఈ గడిలోదే. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. అంతమాత్రాన పొగ చూసి నిప్పుందనడం తప్పు కాదు. సపక్షంలో కొన్నయినా ఫరవాలేదు, విపక్షంలో మాత్రం ఒక్కటీ వుండకూడదు. హేతువుకు వుండాల్సిన మూడు లక్షణాలని ఆయన చెప్పింది ఇదే: వాదంలో వున్న వస్తువులో వుండాలి, సపక్షంలోనే వుండాలి, విపక్షంలో బొత్తిగా వుండకూడదు.

ఆ ‘లోనే’లో వున్న ‘ఏ’ మీద ఒక్కమాట. సంస్కృతంలో దాన్ని ఏవ అంటారు. అది వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందో దాన్నిబట్టి అర్థం మారిపోతుందని దిఙ్నాగుడు పట్టుకున్నాడు. తర్వాత ఏడో శతాబ్దంలో ధర్మకీర్తి దాన్ని పెంచి పెద్దచేశాడు. తెలుగువాళ్ళకు ఇది వేరే చెప్పాలా? నిప్పున్నచోటే పొగ వుంటుందన్నా, నిప్పున్నచోట పొగ వుండే తీరుతుందన్నా ఒక్కటేనా? మొదటిది నిజం, రెండోదానికి ఇనపగుండు అడ్డం. ఒక్క అచ్చు అటు జరిగితే వాదం కూలిపోతుంది. మన భాషలో పరిమాపకం ఇంత చిన్న అక్షరంలో దాక్కుని వుందని నేను డిగ్రీకొచ్చిందాకా గమనించలేదు.

ఇక మధ్యగడి, అయిదోది, విచిత్రమైంది. సపక్షంలో ఒక్కటీ లేదు, విపక్షంలోనూ ఒక్కటీ లేదు. మా తాత ఎక్కి కూర్చున్నాడు కాబట్టి ఈ పడవ వేటకు వెళ్ళిందన్నట్టు. ఆ సమయానికి మా తాత ఇంకే పడవలోనూ లేడు. ఎదురు సాక్ష్యం లేదు నిజమే, మద్దతు సాక్ష్యమూ లేదు. దిఙ్నాగుడు దీన్ని చెల్లదన్నాడు. ఇక్కడ నేటి తర్కానిది కొంచెం వేరు దారి. మన హాస్టల్లోని ఏనుగులన్నీ తెల్లవి అనే వాక్యం నేటి లెక్కలో నిజం! తెల్లది కాని ఏనుగు మన హాస్టల్లో ఒక్కటీ లేదు కాబట్టి. ‘అన్నీ’ అంటే ‘కానిది ఒక్కటీ లేదు’ అనే. వున్నాయని పూచీ ఏమీ లేదు. దిఙ్నాగుడికి మాత్రం కనీసం ఒక్క వుదాహరణ చూపించి తీరాలి. ఎందుకంటే ఆయన నలుగురి ఎదుట జరిగే వాదం గురించి మాట్లాడుతున్నాడు, ఎదుటివాడు నమ్మాలి. నాకైతే ఆయన పట్టుదలే నచ్చుతుంది. పరీక్షలో మాత్రం తెల్లఏనుగుల పక్షమే రాయండి.

ఈ చక్రం పండితుల గోష్ఠికే గానీ మనకెందుకంటారా? 1987-88లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలను తెల్లదోమ ముంచేసింది. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అంతకుముందు యేళ్ళలో మాట ఎలా నడిచిందంటే, ఫలానా మందు కొట్టిన చేలు బాగా పండాయి కదా, కాబట్టి ఆ మందు కొడితే పంట ఖాయం అని. ఇది ఒక్క వరస చూసి చెప్పిన మాట. కొట్టినా పండని చేలెన్ని, కొట్టకపోయినా పండినవెన్ని అన్న లెక్క గట్టుమీద ఎవరూ అడగలేదు. పురుగు అణగటానికని కొట్టిన మందే శత్రుకీటకాలతోపాటు మిత్రకీటకాలనూ చంపి, తెల్లదోమ పెరగడానికి దారి ఇచ్చిందని తర్వాత శాస్త్రజ్ఞులు చెప్పారు. మా మేనమామ వాళ్ళు పర్చూరు వైపు పత్తి వేసేవాళ్ళు. ఆ యేడు వాళ్ళింట్లో పొయ్యి ఎలా వెలిగిందో నాకు తెలుసు. విపక్షం వైపు చూడటం అంటే ఏమిటో పుస్తకంలో చదవకముందే అక్కడ చూశాను.

మళ్ళీ ఆచార్యుడి దగ్గరికి వద్దాం. అన్ని చిన్న గ్రంథాలనూ ఒకచోట కూర్చి పెద్ద గ్రంథం రాయాలని ఆయన పూనుకున్నాడు. అదే ప్రమాణసముచ్చయం. టిబెట్ వాళ్ళు చెప్పే కథ ప్రకారం, ఓడ్రదేశంలో ఒక కొండగుహలో వుంటూ, సుద్దముక్కతో మొదటి శ్లోకం గోడమీద రాసి భిక్షకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఎవరో చెరిపేశారు. మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిపేశారు. మూడోసారి రాసి, ఆటకు చెరుపుతుంటే మానెయ్యి, నిజంగా తప్పనిపిస్తే ఎదుటపడి వాదించు అన్నట్టు కింద ఒక మాట రాసివెళ్ళాడు. ఈసారి చెరిపినవాడు ఎదురుచూస్తూ కూర్చున్నాడు. వాదం జరిగింది, దిఙ్నాగుడు గెలిచాడు. ఓడినవాడు మాట నిలబెట్టుకోకుండా నోటినుంచి మంటలు కక్కి ఈయన బట్టలూ పుస్తకాలూ కాల్చేసి పోయాడు.

ఆ రోజు దిఙ్నాగుడి మనసు విరిగింది. ఈ ఒక్కణ్ణే ఒప్పించలేనివాణ్ణి, లోకంలో అందరికీ ఏం దారి చూపిస్తాను, ఈ సుద్దముక్క పైకి విసురుతాను, నేల తాకిందంటే ఇక నా గొడవ నేను చూసుకుంటాను అనుకున్నాడు. విసిరాడు. ఎంతసేపటికీ సుద్ద కిందపడలేదు. పైకి చూస్తే మంజుశ్రీ చేతిలో వుంది. వేంగి కథ, ఈ కథ ఒకే ఎముకల మీద కట్టినవి. సుద్ద ఆగిందో లేదో నాకనవసరం. వాదం గెలిచిన తర్వాత కూడా మనిషికి నిరుత్సాహం వస్తుందనీ, గెలుపు వేరు ఒప్పించడం వేరు అనీ ఆ కథ కట్టినవాళ్ళకు తెలుసు. మన యూనియన్ ఎన్నికల్లో విద్యార్థులందరూ నా వెనకే వున్నారని మైకులో చెప్పి, ఓట్ల లెక్కింపు రోజున మొహం చాటేసే మిత్రులకు కూడా తెలిసే వుంటుంది.

ప్రమాణసముచ్చయం ఆరు అధ్యాయాలు. మనకు తెలిసేదంతా రెండు దారుల్లోనే తెలుస్తుంది, ప్రత్యక్షం, అనుమానం – మూడో ప్రమాణం లేదన్నాడు. తనకోసం చేసుకునే అనుమానం వేరు, ఎదుటివాడికి చెప్పే అనుమానం వేరు అని విడదీశాడు. మాటకు అర్థం ఎలా వస్తుందన్నదానికి అపోహవాదం చెప్పాడు: పడవ అన్న మాట పడవ కానివాటన్నిటినీ తోసేయడం ద్వారా పని చేస్తుందని. ఇది చాలామందిని చిరాకుపరిచింది. ఉద్యోతకరుడు న్యాయవార్తికం రాసింది ముఖ్యంగా ఈయనకు జవాబు చెప్పడానికే. జవాబు చెబుతూనే ఈయన చక్రాన్ని తీసుకుని ఇంకా గళ్ళు పెంచాడు. శత్రువు చేతికి వెళ్ళి కూడా పనికొచ్చిన పనిముట్టు అది. చాలా శతాబ్దాల తర్వాత మన తెలుగువాడు అన్నంభట్టు పిల్లలకోసం రాసిన తర్కసంగ్రహంలో సపక్షానికి వంటిల్లు, విపక్షానికి చెరువు అని చెబుతాడు. చదివే పిల్లలకు ఆ రెండు మాటల వెనక ఎంత కొట్లాట జరిగిందో తెలియదు.

తెలుగువాళ్ళు ఆయన్ను ఇంకోరకంగా కూడా గుర్తుపెట్టుకున్నారు. మేఘసందేశంలో దిగ్గజాల ప్రస్తావన వచ్చేచోట, అది కాళిదాసు తన ప్రత్యర్థి అయిన దిఙ్నాగాచార్యుడి మీద వేసిన విసురు కూడా అని మన కొలచల మల్లినాథసూరి వ్యాఖ్యానించాడు. కాలాలు కలవవని చాలామంది దీన్ని ఒప్పుకోరు. అయినా కావ్యం చదివే ప్రతి తెలుగు విద్యార్థికీ తార్కికుడి పేరు తగిలేది అక్కడే.

చివరికి దిఙ్నాగుడు ఓడ్రదేశంలో ఒక అడవిలో ఒంటరిగా కన్నుమూశాడని చెబుతారు. ఆయన పుస్తకాల గతి ఇంకా విచారకరం. మూల సంస్కృతం చాలావరకు మనదేశంలో మాయమైపోయింది. ప్రమాణసముచ్చయం టిబెటన్‌లోకి రెండుసార్లు అనువాదమైంది కాబట్టి బతికింది. హేతుచక్రం కూడా టిబెటన్‌లోనే దొరికింది. న్యాయముఖాన్ని హ్యూయన్‌త్సాంగ్ స్వదేశం చేరాక 649లో చైనాభాషలోకి తెచ్చాడు. అక్కణ్ణించి ఆ విద్య జపాన్ దాకా పోయి నారా మఠాల్లో పాఠమైంది. వేంగిలో పుట్టిందని చెప్పుకునే శాస్త్రాన్ని వేంగివాళ్ళం మరిచిపోయి, జపాన్ వాళ్ళు వల్లెవేశారు. జినేంద్రబుద్ధి రాసిన వ్యాఖ్యకు సంస్కృత ప్రతి టిబెట్‌లో బయటపడి, దాని మొదటి అధ్యాయం 2005లో అచ్చయిన తర్వాత, దిఙ్నాగుడి సొంత వాక్యాలను మళ్ళీ కూర్చుకోవడానికి కొంత వీలైంది.

అంతటి చక్రానికీ అందనిది ఒకటి మిగిలిపోయింది. ఆ సంగతి దాచడం ఆయనకే ఇష్టం వుండదు. ప్రతి పడవకూ ఒక సరంగు వున్నాడు, ఒక సరంగు ప్రతి పడవకూ వున్నాడు – ఈ రెండు వాక్యాలూ చూడండి. మొదటిదానిలో పదిహేను పడవలకు పదిహేనుమంది వుండొచ్చు. రెండోదానిలో ఒక్కడే అన్నిటికీ. ‘ప్రతి’ బయట వుండి ‘ఒక’ లోపల వుందా, ‘ఒక’ బయట వుండి ‘ప్రతి’ లోపల వుందా అన్నదే తేడా. ఇక్కడ విధేయంలో ఒక ఖాళీ కాదు, రెండు ఖాళీలు: ఫలానా మనిషి ఫలానా పడవకు సరంగు. సపక్షం, విపక్షం అని రెండు వరసలు చేసినంతమాత్రాన ఇది విడదు. అరిస్టాటిల్ తర్కానికీ ఇది లొంగలేదు. దీన్ని గుర్తుల్లోకి తెచ్చినవాడు గాట్‌లోబ్ ఫ్రేగే. ఆయన 1848లో జర్మనీ ఉత్తరతీరాన విస్మార్ అనే వూళ్ళో పుట్టాడు. అదీ రేవుపట్నమే! యేనా విశ్వవిద్యాలయంలో లెక్కలు చెబుతూ 1879లో ఒక సన్నపాటి పుస్తకం అచ్చువేశాడు. అందులోని గుర్తులు చూసి ఆనాటి పండితులు చాలామంది పక్కన పడేశారు. మనం ఇప్పుడు రాసే గుర్తుల్లో వెనక్కి తిప్పిన ఈ అక్షరం 1897లో ఇటలీవాడు పియానో పెట్టింది, తలకిందులుగా వున్న ఏ అక్షరం 1935లో గెంట్‌జెన్ పెట్టింది. గుర్తులు వాళ్ళవి, ఆలోచన మాత్రం ఫ్రేగేది.

మా నాన్న సంగతి చెప్పడం మరిచాను. మా పెద్దమ్మ చెయ్యి పట్టుకుని నిలదీస్తే ఆ కుర్రాడు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. పదకొండు వచ్చాయి, నాలుగు రాలేదు. మా పడవ ఆ నాలుగింట్లోది. గాలి ఉత్తరానికి నెట్టేస్తే అవి నిజాంపట్నం దగ్గర ఒడ్డెక్కాయి. మూడోరోజు మధ్యాన్నం నలుగురు మనుషులతో మా నాన్న చీరాల దాకా బస్సులో వచ్చి, అక్కణ్ణించి నడిచి ఇంటికొచ్చాడు. మా అమ్మ ఆ రెండు రాత్రులూ పదకొండు గురించి వినిపించుకోలేదు, నాలుగు గురించే అడిగింది.